గాలం వేసే ముందు థర్మామీటర్!

ఒక నది, ఒక చేప, నాలుగు సబ్జెక్టులు: పిల్లలతో కలిసి చదవాల్సిన పాఠం



ఆగస్టు వచ్చిందంటే మన ఇళ్లలో టీవీ పెట్టగానే వినిపించే మాట "క్యూసెక్కులు". భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు దాటితే అక్కడా మొదటి హెచ్చరిక. అందుకే మన పిల్లలను "ఆగస్టు నెలలో నది బొమ్మ గీయండి" అంటే ఒడ్డుల్ని ఒరుసుకుంటూ పారే ఎర్రటి నీళ్లే గీస్తారు.

అదే ఆగస్టులో అమెరికాలోని మోంటానా రాష్ట్రానికి వెళ్తే బొమ్మ మొత్తం మారిపోతుంది. అక్కడ నదులు సన్నబడి, చాలా చోట్ల మోకాలి లోతుకు దిగి, అడుగున ఉన్న గులకరాళ్లు లెక్కపెట్టగలిగేంత తేటగా ఉంటాయి. ఆ నదుల్లో ట్రౌట్ అనే చేపను పట్టడానికి దేశదేశాల నుంచి జనం వస్తారు. వాళ్లలో తెలిసినవాళ్లు ఒడ్డుకు చేరగానే గాలం తీయరు. జేబులోంచి చిన్న థర్మామీటర్ తీసి నీళ్లలో పెడతారు. అది చూపించే అంకెను బట్టి ఈ రోజు గాలం వెయ్యాలా, వద్దా అన్నది తేల్చుకుంటారు.

చేపలు పట్టడానికి థర్మామీటర్ ఎందుకు? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు వెతుకుతూ వెళ్తే కెమిస్ట్రీ, ఫిజిక్స్, బయాలజీ, లెక్కలు వరసగా ఎదురొస్తాయి. ఈ నెల మీరు, మీ పిల్లలు కలిసి చదవడానికి ఈ పాఠాన్ని ఎంచుకున్నది అందుకే.

ట్రౌట్ ఎవరు?

ఇంగ్లిష్ కవి టెన్నిసన్ రాసిన "ద బ్రూక్" పద్యం మీలో చాలామంది బడిలో చదివే ఉంటారు. అందులో వాగుతో పాటు కనిపించే చేప ఇదే. ట్రౌట్ సాల్మన్ చేపకు దగ్గరి చుట్టం. చల్లని, తేటయైన, పారే నీళ్లలో బతుకుతుంది. మన దేశంలో కశ్మీర్, హిమాచల్ ప్రదేశ్ నదుల్లోనూ, నీలగిరి కొండల్లోనూ ఉంది. గోదావరి, కృష్ణల్లో లేదు, ఉండలేదు కూడా. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మోంటానాలో ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి. కట్‌త్రోట్ అక్కడి సొంత చేప. దవడ కింద ఎర్రటి గీత ఉంటుంది కాబట్టి ఆ పేరు. రెయిన్‌బో ట్రౌట్‌ను పసిఫిక్ తీరం వైపు నుంచి, బ్రౌన్ ట్రౌట్‌ను యూరప్ నుంచి తెచ్చి వదిలారు.

వీటిని పట్టే పద్ధతి పేరు ఫ్లై ఫిషింగ్. వానపామో, పిండి ముద్దో ఎరగా పెట్టరు. ఈక, బొచ్చు, దారం, స్పాంజిలాంటి ఫోమ్ చిన్న గాలానికి చుట్టి పురుగులా కనిపించేట్టు చేస్తారు. ఆ బొమ్మ పురుగునే "ఫ్లై" అంటారు. దానికి బరువే ఉండదు, మరి అంత దూరం ఎలా విసురుతారు? మామూలు గాలంలో బరువు ఎర దగ్గర ఉంటుంది. ఇక్కడ బరువు దారంలో ఉంటుంది. లావుపాటి దారాన్ని కొరడాలా గాల్లో ఊపి వదిలితే, దాని చివర కట్టిన సన్నని తీగ, తీగ చివర ఫ్లై మెల్లగా వెళ్లి నీటి మీద వాలతాయి.

అక్కడ ఆగస్టులో నది ఎందుకు సన్నబడుతుంది?

మన నదులకు నీళ్లిచ్చేది నైరుతి రుతుపవనాలు. జూన్‌లో మొదలై జులై, ఆగస్టు నెలల్లో నిండుగా కురుస్తాయి. మోంటానా నదులకు నీళ్లిచ్చేది రాకీ పర్వతాల మీద చలికాలమంతా పేరుకున్న మంచు. అది మే నెలాఖరులో, జూన్‌లో వేగంగా కరుగుతుంది. వాళ్ల వరద అప్పుడే. ఆగస్టు వచ్చేసరికి కొండల మీద మంచు చాలావరకు అయిపోతుంది, పెద్ద వానలూ ఉండవు. ఇక నదిని నిలబెట్టేది ఊటలు, వాగులు, డ్యాముల నుంచి వదిలే నీళ్లు మాత్రమే.

అక్కడా ప్రవాహాన్ని కొలిచేది క్యూసెక్కుల్లోనే. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే ఒక క్యూసెక్కు, అంటే సుమారు 28.3 లీటర్లు. అమెరికా ప్రభుత్వ జియలాజికల్ సర్వే నదుల మీద చాలా చోట్ల యంత్రాలు పెట్టి ప్రవాహాన్ని రాత్రీపగలూ నమోదు చేస్తుంది. కొన్ని చోట్ల నీటి ఉష్ణోగ్రత కూడా తెలుస్తుంది. ఎవరైనా ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చూసుకోవచ్చు.

వేసవి చివర పేరున్న మాడిసన్ నదిలో ప్రవాహం వెయ్యి క్యూసెక్కులకు అటూఇటూగా ఉంటుంది. మన ధవళేశ్వరం మొదటి హెచ్చరికతో పోల్చి చూడమనండి. 10 లక్షల్లో వెయ్యి ఎన్నో వంతు? ఐదో తరగతి పిల్లలు కూడా నోటితో చెప్పేయగలరు.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. పెద్ద బిందె నీళ్లు ఎండలో పెడితే వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. పళ్లెంలో పోసి పెడితే చప్పున వేడెక్కుతాయి. ఆగస్టు నది పళ్లెంలాంటిది.

వేడి నీళ్లలో ఊపిరాడదు

చేపలు మొప్పలతో నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను తీసుకుంటాయని మన పిల్లలందరూ రాస్తారు. "ఉష్ణోగ్రత పెరిగితే నీటిలో వాయువులు కరిగే సామర్థ్యం తగ్గుతుంది" అని కూడా రాస్తారు. రెండూ ఒక్కో మార్కు జవాబులు, వేర్వేరు పాఠాల్లో ఉంటాయి. ఆ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూస్తే ట్రౌట్ కష్టం అర్థమవుతుంది.

సముద్రమట్టం దగ్గర, గాలి బాగా కలిసిన మంచినీటిలో లీటరుకు కరిగి ఉండగల ఆక్సిజన్ ఇది:

10 డిగ్రీల సెల్సియస్ దగ్గర 11.3 మిల్లీగ్రాములు
15 డిగ్రీల దగ్గర 10.1 మిల్లీగ్రాములు
20 డిగ్రీల దగ్గర 9.1 మిల్లీగ్రాములు
25 డిగ్రీల దగ్గర 8.3 మిల్లీగ్రాములు
30 డిగ్రీల దగ్గర 7.6 మిల్లీగ్రాములు

ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి ఈ అంకెలు ఇంకా తగ్గుతాయి. మాడిసన్ నది ఒడ్డున ఉన్న ఎనిస్ అనే ఊరు సుమారు 1,500 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ పైన చెప్పిన వాటిలో దాదాపు ఆరో వంతు కోసేయాలి.

అంతటితో అయిపోలేదు. మన ఒంటి వేడి బయట ఎండ ఉన్నా చలి ఉన్నా ఒకేలా ఉంటుంది. చేప ఒంటి వేడి నీటితో పాటు మారుతుంది. నీళ్లు వేడెక్కితే దాని ఒంట్లో పనులన్నీ వేగం పుంజుకుంటాయి, ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. అంటే ఒకే సమయంలో రెండు దెబ్బలు. కావాల్సింది పెరుగుతోంది, దొరికేది తగ్గుతోంది. జీతం తగ్గిన నెలలోనే ఖర్చులు పెరిగిన ఇంటి పరిస్థితి.

ట్రౌట్‌కు 10 నుంచి 16 డిగ్రీల నీళ్లు హాయి. 20 దాటితే ఇబ్బంది పడుతుంది, మేత మీద ఆసక్తి తగ్గుతుంది. 25 దగ్గర కొన్ని రోజులు గడిస్తే ప్రాణం మీదికి వస్తుంది. మన గోదావరిలో ట్రౌట్ ఎందుకు ఉండలేదో ఇప్పుడు మీ పిల్లలనే చెప్పమనండి.

మన కొర్రమీను సంగతి వేరు. తెలంగాణ రాష్ట్ర చేప అది. నీళ్లలో ఆక్సిజన్ చాలకపోతే పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకుంటుంది. అందుకే బురద గుంటలో కూడా బతుకుతుంది. ఏ చేప బలం దానిదే. మోంటానా వాగులో కొర్రమీను చలికి బతకదు, మన చెరువులో ట్రౌట్ వేడికి బతకదు.

మధ్యాహ్నం 2 గంటలకు గంట కొట్టినట్టు

మోంటానా రాష్ట్ర వన్యప్రాణి శాఖ వేసవిలో ఒక నియమం అమలు చేస్తుంది. ఒక నదిలో నీటి ఉష్ణోగ్రత వరసగా మూడు రోజులు 73 డిగ్రీల ఫారెన్‌హీట్‌ను తాకితే, ఆ నదిలో మధ్యాహ్నం 2 నుంచి అర్ధరాత్రి వరకు చేపలు పట్టడం ఆపేయవచ్చు. దీన్ని "హూట్ ఔల్" నియమం అంటారు. అంటే గుడ్లగూబ కూత. వందేళ్ల కిందట అక్కడి అడవుల్లో చెట్లు కొట్టే కూలీలు వేసవిలో మంటలు అంటుకుంటాయనే భయంతో ఇంకా చీకటి ఉండగానే పని మొదలుపెట్టేవారు. ఆ వేళ వినిపించేవి గుడ్లగూబల కూతలే. ఆ పేరే ఈ నియమానికీ వచ్చింది.

73 ఫారెన్‌హీట్ అంటే సెల్సియస్‌లో ఎంత? 73 లోంచి 32 తీసేస్తే 41. దాన్ని 5 తో గుణించి 9 తో భాగిస్తే సుమారు 22.8. ఈ లెక్క మీ పాప చేతే చేయించండి.

మధ్యాహ్నం 2 గంటలకే ఎందుకు? ఎండ మండేది పన్నెండింటికి కదా అని పిల్లలు అడుగుతారు. మన ఇంటి మీద వాటర్ ట్యాంకును గుర్తుచేయండి. వేసవిలో ట్యాంకు నీళ్లు చేతికి చుర్రుమనేది మిట్టమధ్యాహ్నం కంటే సాయంత్రమే. తెల్లవారుజామున అవే నీళ్లు చల్లగా ఉంటాయి. నీళ్లు నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారతాయి. నది కూడా అంతే. మధ్యాహ్నం నుంచి ఎక్కుతూ పోయి, సాయంత్రానికి గరిష్ఠానికి చేరి, రాత్రంతా చల్లారి, తెల్లవారేసరికి అన్నింటికంటే చల్లగా ఉంటుంది. ఫిజిక్స్‌లో "విశిష్టోష్ణం" అన్న పాఠం ఇదే.

నియమం లేని రోజున కూడా మంచి అలవాటున్న వేటగాళ్లు తమ థర్మామీటర్‌నే నమ్ముతారు. 68 ఫారెన్‌హీట్, అంటే 20 సెల్సియస్ దాటిందంటే సామాను సర్దేస్తారు. వాళ్లలో చాలామంది చేపను పట్టి, చూసి, మళ్లీ నీళ్లలోకే వదిలేస్తారు కదా, మరి నష్టమేమిటి అనిపించవచ్చు. గాలానికి చిక్కిన చేప ప్రాణం పెట్టి పెనుగులాడుతుంది. పరుగు పందెం తర్వాత మనకు కాళ్లు పట్టేసినట్టు దాని కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. కోలుకోవడానికి ఆక్సిజన్ కావాలి. చల్లని నీళ్లలో అది దొరుకుతుంది. వేడి నీళ్లలో దొరకదు. చేతిలోంచి ఈదుకుంటూ వెళ్లిన చేపే కొన్ని గంటల తర్వాత చచ్చిపోవచ్చు. వదిలినవాడికి ఆ సంగతి తెలియనే తెలియదు.

2016 లో ఏం జరిగింది?

ఆ ఏడాది ఆగస్టులో ఎల్లోస్టోన్ నదిలో చేపలు వేల సంఖ్యలో చచ్చి తేలాయి. ఎక్కువగా చనిపోయినవి మౌంటెన్ వైట్‌ఫిష్ అనే చేపలు. కారణం కంటికి కనిపించని ఒక పరాన్నజీవి, అది చేప మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. నదిలో నీళ్లు తగ్గి, వేడెక్కి ఉండటంతో అప్పటికే నీరసించిన చేపలు ఆ జబ్బును తట్టుకోలేకపోయాయి.

ఆగస్టు 19న అధికారులు 183 మైళ్ల పొడవునా, అంటే దాదాపు 295 కిలోమీటర్లు, నదిని మూసేశారు. చేపల వేటే కాదు, పడవలు, ఈత కూడా బంద్. ఒక చోటి నుంచి ఇంకో చోటికి మనుషుల బూట్ల ద్వారా, పడవల ద్వారా జబ్బు పాకకూడదని ఆ జాగ్రత్త. తర్వాత దశలవారీగా తెరిచారు. పర్యాటకుల సీజన్ మధ్యలో ఇది జరిగింది. గైడ్లు, పడవలు అద్దెకిచ్చేవాళ్లు, లాడ్జీల వాళ్లు, అందరి సంపాదనా ఆ నది మీదే. మన దగ్గర కొత్త నీళ్లు రాలేదని కాలువ కింద రైతు కూర్చుండిపోయినట్టే, వాళ్లూ నది వైపు చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది. నదిలో ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలు పెరగడం అంటే ఏమిటో ఆ ఊళ్లకు అప్పుడు తెలిసొచ్చింది.

చేప ఎక్కడ దాక్కుంటుంది?

థర్మామీటర్ "సరే" అంది అనుకుందాం. ఇప్పుడు చేపను వెతకాలి. ఆగస్టులో ట్రౌట్ నది అంతటా ఉండదు, ఊపిరాడే చోటే ఉంటుంది. రాళ్ల మీద నుంచి నీళ్లు తెల్లగా నురగ కక్కుతూ దూకే చోట గాలి బాగా కలుస్తుంది, అక్కడ ఉంటుంది. చల్లని వాగు వచ్చి నదిలో కలిసే చోట, ఊట పుట్టే చోట, చెట్టు నీడ పడే ఒడ్డున ఉంటుంది. పెద్ద డ్యాముల దిగువన కూడా బాగా ఉంటుంది. బిగ్‌హార్న్ నది మీద ఎల్లోటెయిల్ డ్యాము ఉంది. లోతైన జలాశయంలో అడుగు నీళ్లు వేసవిలో కూడా చల్లగా ఉంటాయి. ఆ నీళ్లు బయటికి వస్తాయి కాబట్టి దాని దిగువన ఆగస్టులో కూడా ట్రౌట్ హుషారుగా తిరుగుతుంది. దీనికి పూర్తిగా వ్యతిరేకం ఎల్లోస్టోన్ పార్కులోని ఫైర్‌హోల్ నది. దాంట్లోకి వేడినీటి బుగ్గలు కలుస్తాయి. వేసవి ముదిరితే అక్కడి చేపలు పక్కనున్న చల్లని వాగుల్లోకి వలసపోతాయి.

నీళ్లు తేటగా ఉన్నప్పుడు మనం చేపను చూసినట్టే చేప మనల్ని చూస్తుంది. ట్రౌట్ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి నిలబడుతుంది. కాబట్టి కింది వైపు నుంచి, వెనకగా, నీడ నీళ్ల మీద పడకుండా మెల్లగా వెళ్లాలి.

ఏ ఫ్లై కట్టాలి?

ఇది బయాలజీ క్లాసు. నియమం ఒక్కటే. చేప ఇప్పుడు ఏం తింటోందో చూడు, దానిలాంటిదే కట్టు. డబ్బాలో ఉన్న వాటిలో అందమైనది ఏది అన్నది అక్కడ లెక్కలోకి రాదు.

ఉదయం: ట్రైకో. ఇది మేఫ్లై జాతిలో చాలా చిన్నది, బియ్యపు గింజ కంటే చిన్న ఒళ్లు, తెల్లని రెక్కలు. మేఫ్లైలు జీవితంలో ఎక్కువ భాగం నీటి అడుగున పిల్లపురుగులుగా గడిపి, రెక్కలొచ్చి బయటికి వచ్చాక కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో మాత్రమే బతుకుతాయి. మన దగ్గర తొలకరి వానకు దీపం చుట్టూ ఉసిళ్లు మూగి, తెల్లారేసరికి రెక్కలు రాలి పడి ఉంటాయి కదా, చూడటానికి ఆ దృశ్యంలాగే ఉంటుంది. అయితే ఉసిళ్లు చెదలకు రెక్కలొచ్చినవి, మేఫ్లైలు వేరే జాతి. ఆగస్టు ఉదయాల్లో ట్రైకోలు నది మీద పొగలా ఎగిరి, జతకట్టి, గుడ్లు పెట్టి, రెక్కలు చాచి నీటి మీద పడిపోతాయి. ట్రౌట్ చప్పుడు చేయకుండా వాటిని ఒక్కొక్కటిగా జుర్రుకుంటుంది. కాబట్టి రెక్కలు అడ్డంగా చాచి ఉన్న, 20 నుంచి 24 నంబరు బుల్లి ఫ్లై కట్టాలి.

ఎండెక్కాక: మిడత. ఆగస్టుకు ఒడ్డున గడ్డి ఎండి పసుపుపచ్చగా మారుతుంది, మిడతలు బాగా ఎదిగి ఉంటాయి. గాలి వీస్తే ఎగరబోయి నీళ్లలో పడతాయి. ట్రౌట్‌కు అది లడ్డూ దొరికినట్టు. 8 నుంచి 12 నంబరు ఫ్లై, ఒడ్డుకు జానెడు దూరంలో, కొంచెం చప్పుడయ్యేలా పడినా ఫర్వాలేదు. నిజం మిడత కూడా అలాగే ధబ్బున పడుతుంది.

ఏమీ కనిపించనప్పుడు: చీమ లేదా పెంకు పురుగు. 14 నుంచి 18 నంబరు. నీళ్ల మీద పురుగులేవీ తేలకపోయినా చెట్ల మీద నుంచి చీమలు రాలుతూనే ఉంటాయి.

ఏ ఫ్లై కట్టినా అది నీటి వేగంతోనే కొట్టుకుపోవాలి. దారం లాగినట్టు కాస్త పక్కకు జారినా ట్రౌట్ అనుమానిస్తుంది. చచ్చిన పురుగు ఏటికి అడ్డంగా ఈదదని దానికి తెలుసు.

ఇందులో ఒక మెలిక ఉంది. మిడతల వేట అందరికీ ఇష్టం, పెద్ద ఫ్లై, పెద్ద చేప, కళ్లముందే నీళ్లు చీల్చుకుని వచ్చి పట్టేస్తుంది. ఆ వేట బాగా సాగేది గాలి, ఎండ ఉన్న మధ్యాహ్నం పూట. నీళ్లు ప్రమాదకరంగా వేడెక్కేదీ సరిగ్గా ఆ తర్వాతే. అంటే ఆట రసపట్టులో ఉన్నప్పుడే లేచి రావాలి. దూరం నుంచి డబ్బు పెట్టుకుని వచ్చిన మనిషికి "ఇక చాలు సార్" అని చెప్పడం గైడ్‌కు ఎంత కష్టమో ఊహించండి. చెప్పకపోతే వచ్చే ఏడాది చూపించడానికి చేపలు ఉండవు.

నంబర్ల లెక్క

పైన ఒక విచిత్రం గమనించారా? పెద్ద మిడతకు 8, బుల్లి ట్రైకోకు 24. నంబరు పెరిగితే గాలం చిన్నదవుతుంది. ఇంజెక్షన్ సూది గేజ్ కూడా ఇలాగే, 18 గేజ్ కంటే 26 గేజ్ సన్నం. కరెంటు తీగల గేజ్ కూడా అంతే.

ఫ్లైకి కట్టే సన్నని తీగకు ఇంకో లెక్క ఉంది. దాని మందాన్ని 3 ఎక్స్, 5 ఎక్స్ అని చెబుతారు. 11 లోంచి ఆ అంకె తీసేస్తే, అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం వస్తుంది. 5 ఎక్స్ అయితే 11 లోంచి 5 తీస్తే 6, అంటే 0.006 అంగుళం. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు కాబట్టి సుమారు 0.15 మిల్లీమీటరు. మిడత ఫ్లైకి 3 ఎక్స్ సరిపోతుంది. ట్రైకోకు 6 ఎక్స్ కావాలి. 6 ఎక్స్ మందమెంతో మీ అబ్బాయిని లెక్క కట్టమనండి. జవాబు 0.127 మిల్లీమీటరు రావాలి. దశాంశాలు ఎందుకు నేర్చుకోవాలని విసుక్కునే పిల్లలకు ఇది మంచి జవాబు. తేట నీళ్లలో తీగ లావుగా ఉంటే ట్రౌట్ దగ్గరికి రాదు, మరీ సన్నగా ఉంటే తెగిపోతుంది, లేదా చేపను చాలాసేపు ఆడించాల్సి వచ్చి అది అలసిపోతుంది.

పట్టిన చేపను వదిలేటప్పుడు చేతులు ముందు తడుపుకోవాలి. పొడి చేతులు తగిలితే దాని ఒంటి మీద జిగురు పొర పోతుంది, ఆ పొరే జబ్బులు రాకుండా కాపాడేది. ఫొటో కోసం గాల్లో పట్టుకుని నిలబడకూడదు. మీ బంధువులు అమెరికాలో ఉండి వేసవిలో పిల్లల్ని అటువైపు తీసుకెళ్తే, లైసెన్సు తీసుకోవడంతో పాటు ఈ రెండు ముక్కలూ చెప్పండి.

మన చెరువుల్లో ఇదే పాఠం

మీలో ఎవరికైనా భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు చెరువులున్న చుట్టాలుంటే ఈ పాఠం వాళ్లకు కొత్త కాదు. అక్కడి రైతులు రాత్రిళ్లు ఏరియేటర్లు తిప్పుతూ కాపలా ఉంటారు. నిలవ నీటిలో పచ్చటి నాచు పగలు ఎండలో ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తనే వాడుకుంటుంది. కాబట్టి చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. కొండవాగు ట్రౌట్‌కు గండం సాయంత్రం, మన చెరువు చేపకు గండం తెల్లవారుజాము. కారణాలు వేరు, కరువు మాత్రం ఒకటే, ఆక్సిజన్ కరువు.

ఎండాకాలంలో నగరాల చెరువుల్లో చేపలు తెల్లగా తేలాయనే వార్త మనం చూస్తూనే ఉంటాం. మురుగు కలిస్తే దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను తినేస్తాయి. నీళ్లు వేడిగా ఉంటే అసలే తక్కువ. ఇకపై ఆ వార్త వచ్చినప్పుడు ఛానల్ మార్చకుండా మీ పిల్లల్ని అడగండి: "ఎందుకు చచ్చిపోయి ఉంటాయి?"

ఇంట్లో చేసి చూడండి

1. స్టవ్ మీద గిన్నెలో నీళ్లు పెట్టండి. మరగడానికి చాలా ముందే గిన్నె గోడలకు చిన్న చిన్న బుడగలు అంటుకుంటాయి. అది ఆవిరి కాదు. నీళ్లలో కరిగి ఉన్న గాలి వేడికి బయటికి వస్తోంది. (పెద్దవాళ్లు పక్కనే ఉండాలి.)

2. రెండు చిన్న సోడా సీసాలు తీసుకోండి. ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి బయట పెట్టండి. రెండు గంటల తర్వాత సింకులో పెట్టి రెండూ తెరవండి. ఏది ఎక్కువ పొంగింది? అందులోని గ్యాసు వేరైనా సూత్రం ఒకటే.

3. ఒక ఆదివారం ట్యాంకు నుంచి వచ్చే కుళాయి నీటి ఉష్ణోగ్రతను ఉదయం 6, మధ్యాహ్నం 12, సాయంత్రం 4, రాత్రి 8 గంటలకు కొలవండి. జ్వరం చూసే థర్మామీటర్ పనికిరాదు, అది సుమారు 35 డిగ్రీల నుంచే చూపిస్తుంది. ల్యాబ్ థర్మామీటర్ కావాలి. సమయాన్ని అడ్డంగా, ఉష్ణోగ్రతను నిలువుగా పెట్టి గ్రాఫ్ గీయించండి. ట్రౌట్ మీ ట్యాంకులో ఉంటే ఏ వేళకు ఇబ్బంది పడేదో 20 డిగ్రీల దగ్గర ఒక ఎర్ర గీత గీసి చూపించమనండి.

జవాబు మీరు ముందే చెప్పేయకండి. మోంటానాలో వేటగాడు నది ఒడ్డున పది నిమిషాలు ఊరికే కూర్చుని నీళ్లను చూశాకే ఫ్లై డబ్బా తెరుస్తాడు. పిల్లలకూ ఆ పది నిమిషాలు ఇవ్వండి. తప్పు గీసినా ఫర్వాలేదు, క్లాసులో మాట్లాడుకుంటాం. గ్రాఫ్‌ను స్కూల్ డైరీలో అతికించి సోమవారం పంపండి.